బాబా పిస్తోలు విప్పే శుక్రవారాలు

పిస్తోలు అంటే ఏందో నాకు మునుపు తెల్వది. మా ఊరికి వచ్చే పోలీసాయన నడుముకు తోలుసంచి ఏలాడుతుంటే చూసిన గని అండ్ల ఏముంటదో చూడలే. ఖతర్ల నేను పనిచేసిన ఇంట్ల చూసిన. శుక్రవారం వచ్చిందంటే చూసుడే. విప్పంగ చూసిన, తుడువంగ చూసిన, మల్ల బిగియ్యంగ చూసిన. ఏది ముందు ఊడుతదో ఏది ఎనుక ఊడుతదో ఇప్పుడు అడిగినా చెప్త. చదువు మాత్రం రాదు. సంతకం చేస్త, బస్సు బోర్డు కూడబల్కి చదువుత, గంతే. అందుకే నోటితోటి చెప్తున్న, రాసేటోళ్ళు రాస్తున్నరు.

నా పెనిమిటి పోయినంక బీడీలు చుట్టిన. ఆ పొగాకు దుమ్ముకే నా గొంతు గిట్ల బొంగురు పోయిందని డాక్టర్ అన్నడు. మా దిక్కు మొగోళ్ళంత గల్ఫ్ బాట పట్టిన కాలమది. అక్కడ భూమిల నూనె ఎల్లిందట, ఇండ్లు కట్టుడు, రోడ్లు ఏసుడు, ఎంతమంది పోయినా ఇంకా మనుషులు కావాలంటున్నరట. ఇంటి పనికి ఆడోళ్ళను గుడ తీసుకపోతున్నరంటే నేను పేరిచ్చిన. ఏ దేశం పోయినా మా ఊర్ల దుబాయ్ అనే అంటరు. నేను "దుబాయ్ కాదు, ఖతర్" అంటే మా ఆడబిడ్డ నోటి మీద చెయ్యేసుకున్నది.

"ఖతరా? ఖతరా అంటే డేంజర్ కదనే. పేరే గట్లున్న దేశానికి ఎట్ల పోతవే వదినా?"

పోయిన. ఇల్లు అల్ ఖోర్ల ఉండె, సముద్రం ఒడ్డుకు. అప్పుడు అది పెద్ద ఊరు కాదు. చేపల పడవలు, మసీదు, కొన్ని ఇండ్లు. దోహ నుంచి కొత్త రోడ్డు ఏసిండ్రు. ఈ ఇల్లు గుడ కొత్తదే, నూనె పైసలతోని కట్టింది. పక్కకే వాండ్ల పాత ఇల్లు, రాళ్ళతోని మట్టితోని కట్టింది, ఇంకా నిలబడే ఉండె. అండ్ల మేకలను కట్టేసేటోళ్ళు. కొత్త ఇంట్ల ముసలాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, వాండ్ల పిల్లలు. కొడుకు నూనె కంపెనీల ఆఫీసరు. ఇగ నేను. బయట గేటు పక్క అర్రల డ్రైవరు ఉంటుండె, హైదరాబాద్ తురకాయన. ఆయనను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేటోడు. మా భాష మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

ముసలాయనను బాబా అనాలె, ముసలామెను మామా అనాలె. వాండ్ల భాషల మామా అంటే అమ్మ. ఆడమనిషిని మామా అని పిలువాలంటే నాకు నోరు తిరగలే. పిలిచినప్పుడల్ల మా ఆయన తండ్రి మీసాలు కండ్ల ముందటికి వస్తుండె.

ఇంకో మాట ఉన్నది. పోయిన కొత్తల మామాను చేతులతోని సైగ చేసి చక్కెర అడిగిన. ఆమె డబ్బా బోర్లించి చూపిచ్చి, "మాఫీ, మాఫీ" అన్నది. నేను బిత్తరపోయిన. ఇంత పెద్దింటామె, చక్కెర లేకపోతే పనిమనిషిని మాఫీ అడుగుడేంది, ఎంత మంచి మనుషులు అనుకున్న. భాయ్‌కి చెప్తే గేటు పట్టుకొని నవ్విండు.

"పిచ్చి అక్కా, ఇక్కడ మాఫీ అంటే లేదు అని. ఉన్నదంటే ఫీ, లేదంటే మాఫీ. నిన్ను ఎవరు మాఫీ అడుగుతరు? నువ్వేమన్న షేకమ్మవా?"

అప్పటి సంది ఆ మాట యాది పెట్టుకున్న. ఫీ, మాఫీ. అరబ్బీల నేను మొదలు నేర్చింది అదే.

ఇగ పిస్తోలు ముచ్చట. నూనె రాకముందు బాబా ఎవరో పెద్దాయన దగ్గర కావలి ఉన్నడట. పెద్దాయన ఎటు పోతే అటు ఎనుక పోయేటోడట, ఒంటె మీద గుడ, పడవ మీద గుడ. కొలువు దిగిన నాడు ఆ పెద్దాయన తన చేతితోని ఇచ్చిండట ఈ పిస్తోలు. చిన్నది. అరచేతిల పెట్టుకుంటే కొస మాత్రమే బయటికి కనబడ్తది. నల్లగ ఉంటది, పిడి దగ్గర అరిగి తెల్లబడ్డది. చూడనీకె ఆడుకునే వస్తువు లెక్కనే ఉంటది గని చేతిల పెడితే బరువు తెలుస్తది.

శుక్రవారం పొద్దున, నమాజుకు స్నానం చెయ్యకముందు, బాబా మగోళ్ళు కూసునే పెద్ద అర్రల తివాచీ మీద తెల్లబట్ట పరిచేటోడు. ఆ బట్ట నేను ఉతికి పెట్టాలె. పాత బనియన్లు చింపి పేలికలు చెయ్యాలె. పండ్లు తోమే బ్రష్షు ఒకటి, సన్న ఇనుప కడ్డి ఒకటి, నూనె బుడ్డి ఒకటి. ఇవి కాక ఇసుకతోని నింపిన ఇనుప బకెట్. మొదట్ల ఆ బకెట్ ఎందుకో నాకు తెల్వక, ఉమ్మేటందుకనుకున్న.

ముందుగాల పిడి కిందికెళ్ళి గుండ్ల డబ్బి జారుతది. దాన్ని పక్కకు పెట్టుడు. అయినా కథ అయిపోలే. పైన ఇనుప తొడుగు ఉంటది, దాన్ని గట్టిగ ఎనుకకు గుంజాలె. గుంజితే గొట్టం ఎనుక చిన్న గూడు కనబడ్తది. డబ్బి తీసినా ఆ గూట్ల ఒక గుండు దాసుకొని ఉండొచ్చు. మంచిగ మొత్తం ఎనుకకు గుంజితే ఆ గుండు ఎగిరి బయట పడ్తది. అయినా నమ్మొద్దు, గూట్లకు వంగి చూడాలె. చూసినంక గుడ నమ్మొద్దు. పిస్తోలు మూతి బకెట్ల ఇసుక దిక్కు పెట్టి మీట నొక్కాలె. టిక్ అంటది. టిక్ అన్నంకనే అది ఒట్టి ఇనుము. అప్పటి దాక పాము లెక్క.

ఆ ఎనుక వేలు దూర్చే కమ్మి ఉంటది కదా, మీట చుట్టు, దాన్ని కిందికి గుంజి జర పక్కకు ఒత్తి పట్టాలె. పట్టుకొని పైతొడుగును ఎనుకకు తీసి లేపితే ముందటికి ఊడి వస్తది. లోపల గొట్టం, గొట్టం చుట్టు స్ప్రింగు. స్ప్రింగు గుంజుడు. అయిపాయె. మా ఇంట్ల కిరోసిన్ స్టవ్ విప్పినా గింతకంటె ఎక్కువ సామాను ఎల్లుతది. కడ్డికి పేలిక చుట్టి గొట్టంల తోలితే మొదటి పేలిక నల్లగ వస్తది, తర్వాతది బూడిద రంగుల వస్తది. తెల్లగ వచ్చేదాక మారుస్తనే ఉండాలె. నూనె రాస్తరు గని మల్ల మొత్తం తుడిచేస్తరు, చేతికి అంటీ అంటనట్టు ఉండాలె. ఎక్కువ ఉంటే ఇసుక పట్టుకుంటది. ఆ దేశంల తలుపులు ఎన్ని మూసినా ఇసుక లోపటికి వస్తది, అన్నంలకు గుడ వస్తది.

మల్ల బిగిచ్చేటప్పుడు ఒక్కటే కిరికిరి. స్ప్రింగుకు ఒక దిక్కు నోరు పెద్దగ ఉంటది, ఒక దిక్కు చిన్నగ. చిన్ననోరు దిక్కు ముందుగాల గొట్టానికి ఎక్కియ్యాలె. తిరగ మరగ అయితే పైతొడుగు సక్కగ కూసోదు.

ఒక శుక్రవారం నేను నీళ్ళు ఇయ్యనీకె పోతే బాబా ఆ స్ప్రింగుతోని తన్లాడుతున్నడు. తిరగేసి పెట్టిండు. తొడుగు పెట్టుడు, తీసుడు, మల్ల అట్లనే పెట్టుడు. నేను నిలబడి చూస్తున్న. ఆయన నా దిక్కు చూసిండు గని నా మొకం చూడలే, నా మొకానికి జర పక్కకు చూసిండు. అప్పుడు తెలిసింది నాకు. కండ్లల్ల తెల్లగ పొర కమ్మింది. మనిషిని చెప్పుల సప్పుడుతోని గుర్తుపడ్తున్నడు. కోడలి చెప్పులు టకటక, నావి ఈడ్చే చెప్పులు, మామాకు కాలు నొప్పి. చాయ కప్పు ముందు వేలు పెట్టి చూసి అప్పుడు అందుకుంటుండె. ఇన్ని దినాలు ఇంట్ల తిరుక్కుంట నేను కనిపెట్టలే.

నేను వంగి స్ప్రింగు తిప్పి ఆయన చేతి పక్కన పెట్టిన. ఆయన దాన్ని గొట్టానికి ఎక్కిచ్చిండు. తొడుగు ఠక్కున కూసున్నది.

మల్లొచ్చే శుక్రవారం, "ఇక్కడ కూసో" అని బట్ట కొస చూపిచ్చిండు. కూసున్న. పైతొడుగు ఎనుకకు గుంజి నా దిక్కు తిప్పి, మెల్లగ, "ఫీ?" అన్నడు. గూట్లకు చూసిన. ఖాళీ. "మాఫీ బాబా" అన్న. అప్పుడు బకెట్ దిక్కు పెట్టి నొక్కిండు, టిక్ అన్నది. గట్ల మొదలైంది. ఎవ్వలికి తెల్వది. తలుపు సగం మూసి ఉంటుండె. నేను పేలికలు అందిస్తున్నననే అనుకునేటోళ్ళు.

కొడుకుకు అనుమానం ఉండె. ఒకనాడు బువ్వ కాడ బాబా ఖర్జూరం అనుకొని నిమ్మకాయ తొక్కు నోట్ల పెట్టుకున్నడు. నేను చేసిన తొక్కే, మా కారం. కండ్లకెళ్ళి నీళ్ళు కార్తున్నయి. కొడుకు చెయ్యి కడుక్కోకుంటనే లేచిండు.

"బాబా, నీకు కనబడ్తలేదు."

"నీ మొకం చూడబుద్ధి కాక అటు చూస్తున్న."

"హాస్పిటల్ పోదాం. కొత్తది కట్టిండ్రు, పొర తీస్తున్నరు. ఒక్కనాటి పని."

"నా కండ్లకు కత్తి పెట్టేటోడు ఇంకా పుట్టలే."

"సరే. కనబడ్తలేదని తేలిన రోజు ఆ పిస్తోలు పోలీస్ స్టేషన్‌కు పోతది. చెప్తున్న. పిల్లలు తిరిగే ఇల్లు ఇది."

అప్పటికి నాకు వాండ్ల మాటలు సగం సగం తెలుస్తుండె, మిగతాది మొకాలు చూస్తే తెలుస్తుండె. కొడుకు చెప్పింది తప్పని నేను అనను. చిన్నపిల్లలు ఇల్లంత ఉరుకుతుండ్రి. వాండ్లను ఆ పెద్ద అర్రలకు పోనియ్యకని కోడలు నాకు ముందే చెప్పింది. కని బాబాకు ఇంట్ల ఏమున్నది? ఇల్లు కొడుకు కట్టిండు. కారు కొడుకుది. చల్లగాలి మిషన్లు, ఫ్రిజ్జు, రంగుల టీవీ, అన్ని కొడుకువే. బజారుకు పోయినా కొడుకు పేరే చెప్తరు. ఈ పిస్తోలు ఒక్కటే ఆయనది. హాస్పిటల్ పోతే కండ్లు పోయిన సంగతి డాక్టర్ నోటెంట బయటపడ్తది. అందుకే పోతలేడు. కండ్లు దాస్తే పిస్తోలు ఉంటది, చూపిస్తే పోతది. నాకు తెలుసు. నన్ను ఎవలు అడగలే, నేను చెప్పలే.

చలికాలం వచ్చింది. ఖతర్ల చలి ఏడిది అంటరు గని సముద్రం గాలికి వేళ్ళు కొంకర్లు పోతయి. ఒక గురువారం మాపటాల్ల మేకల మీదికి కుక్క వచ్చింది. బాబా పిస్తోలు పట్టుకొని పాత ఇంటి దిక్కు పోయిండు. కుక్క ఉరికింది, కాల్చే అవసరం పడలే. కని గుండు గూట్లకు ఎక్కిచ్చి పోయిండు కదా. అది అట్లనే ఉండిపోయింది.

తెల్లారి శుక్రవారం. బట్ట పరిచిన, బకెట్ పెట్టిన, కూసొని బనియన్ చింపుతున్న. గప్పుడే భాయ్ వచ్చి గుమ్మం కాడ నిలబడ్డడు, నమాజుకు ఏ కారు తియ్యాలె అని అడగనీకె. బాబాకు ఆయనంటే ఇష్టం, ఉర్దూ ముక్కలు కలిపి మాట్లాడుతడు. "పెద్ద కారు తియ్యి" అన్నడు. భాయ్ పోలే, నిలబడి చూస్తున్నడు.

"బాబా, నాకు గుడ నేర్పియ్యి. నా పెండ్లాం ఊరికెళ్ళి వస్తున్నది, పనికొస్తది."

"నీకు పిస్తోలు ఎందుకు? నీ కారు నడిపే తీరు చాలు మనిషి చచ్చేటందుకు."

ఇద్దరు నవ్వుతున్నరు. నవ్వుకుంటనే బాబా గుండ్ల డబ్బి తీసి బట్ట మీద పెట్టిండు. పైతొడుగు గుంజిండు. చలికి చేతులు వాచి ఉన్నయి, తొడుగు సగం దాక వచ్చి జారిపోయింది. ఆయనకు మొత్తం వచ్చినట్టే అనిపిచ్చింది. ఇంకో మగోడు చూస్తుంటే పనిమనిషి దిక్కు తిప్పి ఫీ అని ఎట్ల అడుగుతడు? అడగలే. తానే కండ్ల కాడికి పట్టుకొని చూసినట్టు చేసి, "మాఫీ" అన్నడు. నేను ఆ మాట ఇని తల ఎత్తేలోపల బకెట్ దిక్కు పెట్టి నొక్కిండు.

సప్పుడు ఎంతున్నదో చెప్పలేను. అర్ర పగిలినట్టయింది. చెవులల్ల కుయ్యిమన్నది. ఇసుక లేచి మొకం మీద పడ్డది. గుండు ఇత్తడి డొల్ల ఎగిరి తివాచీ మీద పడి అక్కడ చిన్నగ కాలింది. బకెట్లకెళ్ళి సన్నగ పొగ వస్తున్నది. గుమ్మం కాడ భాయ్ లేడు. చెప్పులు మాత్రమే ఉన్నయి.

కొడుకు ఉరికొచ్చిండు, సగం మొకానికి సబ్బు నురుగు, సగం గీసి ఉన్నది. ఎనుక మామా, ఆ ఎనుక కోడలు పిల్లలను పట్టుకొని. బాబా పిస్తోలు చేతిల పట్టుకొని అట్లనే కూసున్నడు, మొకం గోడ లెక్క. ఆయన మాట్లాడుతలేడని కొడుకు నా మీదికొచ్చిండు.

"ఏమైంది? చెప్పు. ఏమైంది?"

పనిమనిషికి ఒక అలవాటు ఉంటది. ఇంట్ల గిన్నె పడ్డా, గ్లాసు పగిలినా, ఎవరు పగలగొట్టినా, ముందుగాల మన నోటెంట ఒకటే మాట వస్తది. ఆ సప్పుడుకు నేను అరబ్బీ అంత మర్చిపోయిన. మా ఊరి మాటే వచ్చింది. రెండు చేతులు జోడిచ్చి, "మాఫీ బాబా, మాఫీ" అన్న. మన్నించు అని.

వాండ్లకు ఏం ఇనబడ్డది? ఏం లేదు, ఏం లేదు అని.

కొడుకు బకెట్ దిక్కు చూసిండు. పొగ ఇంకా వస్తున్నది. నా దిక్కు చూసిండు. నేను ఇంకా చేతులు జోడిచ్చి "మాఫీ, మాఫీ" అంటనే ఉన్న.

"మాఫీనా? నేను చెవిటోన్ని అనుకున్నవా? గుడ్డోన్ని అనుకున్నవా?"

నాకేం తెలుస్తది, ఆ మాటలన్ని ఎనుక భాయ్ ఇడమర్చి చెప్తే తెలిసినయి. మన్నిస్తలేడు అనుకొని ఇంకింత గట్టిగ అన్న.

కొడుకు తల్లి దిక్కు తిరిగి, "చూసినవా, కండ్ల ముందట అబద్ధం. ఇంట్ల ఏం జరిగినా గిట్లనే దాస్తది. రేపే పంపిచ్చేస్త. యల్లా, నడువు, నీ సామాన్లు కట్టుకో" అన్నడు. కోడలు గుడ తల ఊపింది. సామాన్లు కట్టుకో అన్నది మాత్రం నాకు సక్కగనే తెలిసింది. లేచిన.

"కూసో" అన్నడు బాబా.

ఎవరిని అన్నడో తెల్వక నేను నిలబడ్డ, కొడుకు గుడ నిలబడ్డడు. "ఇద్దరు కూసోండ్రి" అన్నడు. కూసున్నం. కొడుకు సబ్బు మొకంతోనే కూసున్నడు.

"అసలు అబద్ధం చెప్పింది అది కాదు. నా కండ్లు. గూట్ల గుండు ఉన్నది, నాకు కనబడలే. పోయిన చలికాలం సందే కనబడ్తలేదు. ఇదే చూసి చెప్తున్నది నాకు. ఇయ్యాల అడగలే నేను. నా కోసం చెప్పిన అబద్ధానికి దాన్ని పంపుతవా?"

మామా అక్కడనే గోడకు ఆనుకొని కూలబడ్డది. కొడుకు చెయ్యి చాపిండు. పిస్తోలు కోసం.

"ఆగు" అన్నడు బాబా. "మురికి వస్తువు నేను ఎవ్వలికి ఇయ్యలే ఇప్పటి దాక."

అప్పుడు అందరి ముందట విప్పిండు. ఈసారి పైతొడుగు గుంజి సిగ్గు పడకుంట నా దిక్కు తిప్పి గట్టిగ అడిగిండు. చూసి చెప్పిన. కమ్మి కిందికి గుంజిండు, తొడుగు తీసిండు. గుండు పేలినందుకు గొట్టంల మసి మస్తు పట్టింది, పేలికలు వస్తనే ఉన్నయి నల్లగ. నేను అందిస్తున్న, ఆయన తోలుతున్నడు. కొడుకు మొకం మీద నురుగు ఎండిపోయి గీతలు పడ్డది. ఒకసారి లేవబోయిండు. "కూసో, ఇంకా తెల్లగ రాలే" అన్నడు బాబా. కూసున్నడు. నూనె రాసి తుడిచినంక, "చిన్ననోరు ఏ దిక్కు?" అని నన్ను అడిగిండు. స్ప్రింగు ఆయన వేళ్ళల్ల పెట్టిన, చిన్ననోరు ముందటికి ఉండేటట్టు. బిగిచ్చిండు. టిక్ అనిపిచ్చిండు. పిడి కొడుకు దిక్కు పెట్టి ఇచ్చిండు. గుండ్ల డబ్బి గుడ ఇచ్చిండు.

గప్పుడు వచ్చిండు భాయ్, ఉత్తకాళ్ళతోని. ఇంటి ఎనుక నీళ్ళ ట్యాంకు చాటుకు ఉన్నడట ఇంతసేపు. లోపల ఏమైందో కొడుకు చెప్పిండు. ఈమె కండ్ల ముందట పొగ పెట్టుకొని మాఫీ మాఫీ అంటున్నదని గుడ చెప్పిండు. భాయ్ నన్ను చూసి, మన భాషల, "అక్కా, నువ్వు ఏ మాఫీ అన్నవు?" అన్నడు.

"ఏ మాఫీ ఏంది భాయ్? మన్నించుమని అన్న. సామాన్లు కట్టుకోమంటుండు, నేనేం చేసిన?"

భాయ్ తల పట్టుకున్నడు. వాండ్లకు అరబ్బీల చెప్పిండు, మా దేశంల మాఫీ అంటే మన్నించుడు అని, ఈమె లేదు అనలే, మన్నించు అన్నది అని. ముందుగాల మామా నవ్వింది. కూలబడ్డ కాడనే కడుపు పట్టుకొని నవ్వింది. కోడలు నవ్వింది. కొడుకు నవ్వుతుంటే ఎండిన నురుగు పెచ్చులు పెచ్చులుగ ఒళ్ళె పడ్డది.

బాబా నవ్వలే. భాయ్‌ని మల్లొకసారి చెప్పమన్నడు. మల్ల చెప్పిండు. అప్పుడు బాబా నా దిక్కు తిరిగిండు, మల్ల నా మొకం పక్కకే.

"అంటే నువ్వు నా కోసం అబద్ధం చెప్పలేదా?"

భాయ్ నాకు చెప్పిండు ఏం అడుగుతున్నడో. "లేదు బాబా" అన్న.

"మీ మాఫీ ఒకటి, మా మాఫీ ఒకటి. నడుమ నా పిస్తోలు పోయింది" అన్నడు. కొడుకు నవ్వు ఆపి చేతిల ఉన్న పిస్తోలును చూసిండు. ఇస్తడేమో అనుకున్న నేను. ఇయ్యలే. జేబుల పెట్టుకొని మొకం కడుక్కోను పోయిండు. నమాజు అయినంక స్టేషన్ల ఇచ్చి వచ్చిండు. భాయే నడిపిండు కారు.

మల్లొచ్చే శుక్రవారం పొద్దున బాబా ఊకెనే కూసున్నడు. బట్ట పరవాల్నా అని నేను అడగలే. ఆ ఎనుక ఒకనాడు తానే భాయ్‌ని పిలిచి, "హాస్పిటల్ పోదాం పా" అన్నడు. దాసేటందుకు ఇంకేమున్నది ఆయన దగ్గర? దోహ తీసుకపోయిండ్రు. ముందు ఒక కన్ను చేసిండ్రు, మల్ల కొన్నాళ్ళకు రెండోది. పట్టీలు కట్టుకొని ఇంటికొచ్చినప్పుడు చిన్నపిల్లలు భయపడ్డరు.

పట్టీలు ఇప్పినంక మొదలు మామాను చూసిండు. "ముసల్దానివి అయినవు" అన్నడు. "నువ్వు పడుచోనివా?" అన్నదామె. ఆ ఎనుక కొడుకును పిలిచిండు.

"కండ్లు వచ్చినయి. ఇగ తే."

"ఇచ్చేసిన బాబా. మల్ల రాదు."

"అడగరాదా?"

"అడగను. పిల్లలు ఉన్నరు."

బాబా కొడుకు మొకం మస్తుసేపు చూసిండు. చూడొస్తున్నది కదా ఇప్పుడు.

నాకు మాత్రం అప్పటి సంది తిప్పలు మొదలైనయి. అంతకుముందు బాబా ఇంటికి వచ్చినోళ్ళకు చెప్పేటోడు, మా పనిమనిషి అంత మంచిది ఈ అల్ ఖోర్ల లేదని. కండ్లు వచ్చినంక కిటికీ అంచుల మీద ఇసుక కనబడ్డది. తివాచీ కింద కనబడ్డది. చాయ కప్పుల అడుగున మరకలు కనబడ్డయి. పొద్దున లేస్తనే ఇల్లంత తిరిగి గోడలకు వేలు రాసి చూసుడు, నన్ను పిలుసుడు.

"ఇదేంది? ఇది ఎన్నటి సంది ఉన్నది?"

"ఎప్పుడు ఉంటది బాబా, ఇసుక కదా."

"నాకు ఎవలు చెప్పలే?"

మల్ల తుడిచిన. నేను ఆ ఇంట్ల ఉన్నన్ని రోజులు తుడుస్తనే ఉన్న.